గంటల గోపురం

కుట్టు గది,
ఆదివారం మధ్యాహ్నం

వదినగారికి,

ఇక్కడ అందరం క్షేమం. మీరూ క్షేమమే అయ్యుంటారు. మీ మాట వినకుండా జబ్బుపడే ధైర్యం మీ ఒంటికి లేదు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని మీరు కళ్ళజోడు సవరించుకుంటారని తెలుసు. మొన్న ఫోనులో మనిద్దరం ముప్పావుగంట మాట్లాడుకున్నాం. పెట్టేశాక, "మా అమ్మ ఏమంది అత్తయ్యా?" అని కోడలు అడిగితే నా దగ్గర ఒక్క ముక్క లేదు. ఇద్దరం ఒకేసారి మాట్లాడితే వినేదెవరు? ఉత్తరమైతే నేను ముగించేదాకా మీరు ఆగక తప్పదు. మీ వంతు వచ్చినప్పుడు నాకూ వేరే గతి లేదు. ముఖ్యమైన సంగతులు ఇకనుంచి ఇలాగే.

ఇప్పటి ముఖ్యమైన సంగతి మన బొంగరం. నా కొడుక్కీ మీ కూతురికీ పుట్టిన ఒక్కగానొక్క పిల్ల సోషల్లో తప్పింది. సోషల్ టీచరు మనవరాలు సోషల్లోనే తప్పడమేమిటో నాకు అంతుపట్టలేదు. అది నా పోలికేనని మీరు అనేలోపు నేనే అనేస్తున్నాను.

అబ్బాయి సంగతి మీకు తెలుసుగా. రోజంతా ఎవరెవరి మేడల్లోనో లిఫ్టులు బాగుచేసి, లిఫ్టు లేని మన ఇంటికి మెట్లెక్కి వస్తాడు. వచ్చేసరికే ముఖం కందగడ్డలా ఉంటుంది. ఆ రోజు వాడి చేతిలో ప్రోగ్రెస్ కార్డు, ఎదురుగా కంప్యూటర్లో బ్లాకుల ఆట ఆడుతున్న కూతురు. ఇంకేముంది, ఇల్లు పీకి పందిరేశాడు. ఆ కంప్యూటర్ని అటకెక్కించేస్తానన్నాడు.

"అది ఆట కాదు నాన్నా, మా బడి పనే," అంది బొంగరం.

నిజమేనట. బడిలో కంప్యూటరు మాస్టారు శనివారం శనివారం పిల్లల్ని కూర్చోబెట్టి ఆ ఆటలో ప్రపంచంలోని పేరున్న కట్టడాలన్నీ కట్టిస్తున్నాడట. ఇటుకల్లాంటి చదరపు దిమ్మలుంటాయి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవడమే. సంవత్సరం చివర బడి హాల్లో పెద్ద తెర కట్టి, పిల్లలు తల్లిదండ్రులకి ఆ కట్టడాలన్నీ తిప్పి చూపిస్తారట. దానికి 'ప్రపంచ యాత్ర' అని పేరు కూడా పెట్టారు.

అబ్బాయి కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. "ఆ రోజు నేనొస్తాను. ఈ ఆటలో నువ్వేం నేర్చుకున్నావో నా కళ్ళతో చూస్తాను. ఏమీ లేదనిపించిందా, ఆ సాయంత్రమే ఇది అటక మీద ఉంటుంది." బొంగరం పెదాలు బిగించి సరేనంది. అది పెదాలు బిగిస్తే ఇల్లంతా బోసిపోతుంది వదినగారూ.

మీ మాటంటే మీ అల్లుడికి గురి. ఒక్కసారి చెప్పి చూడండి.

మీ
వదిన


స్టాఫ్ రూము,
నాలుగో పీరియడు ఖాళీ

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. నేను చెప్పను.

అల్లుడుగారు అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేను ముప్పై ఏళ్ళుగా ప్రపంచ వింతల పాఠం చెబుతున్నాను. కట్టడం పేరు, ఉన్న దేశం, కట్టించినవారు, కట్టిన కాలం. ఈ నాలుగూ నల్లబల్ల మీద పట్టికగా గీసి ఇస్తాను. శ్రద్ధగా కూర్చుంటే ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి. దానికి సంవత్సరం పొడవునా దిమ్మలు పేర్చడం ఎందుకో నా బుర్రకి ఎక్కడం లేదు. మట్టితో బొమ్మరిల్లు కట్టినా పిల్లలు ఇంతే సంబరపడతారు, దాన్ని ఎవరూ చదువనలేదు.

మీరు దాన్ని వెనకేసుకు రావడం నాకు కొత్త కాదు. రెండేళ్ళప్పుడు అది గోడ మీద రంగులు పూస్తే, "చెయ్యి తిరుగుతోంది చూడండి," అని నాకే చూపించారు. ఆ గోడకి ఇప్పటికీ ఆ మరకలున్నాయి.

ఆ పిల్లను బొంగరం అనడం కూడా మానండి. పేరు పెట్టిన రోజు మీరూ ఉన్నారు.

ఒకటి మాత్రం చెప్పండి. కంప్యూటరు మీ కుట్టు గదిలో ఎందుకుంది? కత్తెరలూ సూదులూ ఉన్నచోట పిల్లకేం పని?

ఇట్లు,
మీ వదిన


కుట్టు గది,
మిషను పక్కనే

వదినగారికి,

కత్తెరలూ సూదులూ నావి. కంప్యూటరు దానిది. బల్ల మాత్రం ఒక్కటే. అందుకని ఇద్దరం సర్దుకుపోతున్నాం. నా దారాలు దాని మౌసు చక్రంలో చుట్టుకుంటాయి, దాని రబ్బరు ముక్కలు నా మిషను కింద దొరుకుతాయి. మీరు ఈసారి వచ్చినప్పుడు కోప్పడండి.

మీరు చెప్పనంటే చెప్పకండి. నేనే రంగంలోకి దిగాను. నేను ఇప్పుడు మీ మనవరాలి దగ్గర కూలీకి కుదిరాను వదినగారూ! నవ్వకండి. మౌసు ఎడమపక్క నొక్కితే దిమ్మ పగులుతుంది, కుడిపక్క నొక్కితే దిమ్మ అతుకుతుంది. అంతే పని. మొదట్లో ఎటు నొక్కాలో తెలియక, ముచ్చటగా పేర్చిన ప్రహరీని బద్దలుకొట్టాను. "నాయనమ్మా, నీకు రోజుకూలీ కూడా దండగే," అంది. ఇప్పుడు నేల పరచడం, గోడ లేపడం నాకు వదిలేసి తను పైన గుమ్మటం చూసుకుంటోంది. జాకెట్టు ముక్కలు కుట్టేసి, బడి వదిలేలోపు నాలుగు వరసలు పేర్చి పెడతాను. సంకేత పదం కూడా నాకు చెప్పింది. వాళ్ళ నాన్నకి చెప్పలేదు.

దానితోపాటు కళ్ళజోడు పిల్ల ఒకతె, పొడుగ్గా తాడిలా ఉండే పిల్లాడొకడు, ముగ్గురూ ఒక జట్టు. అభ్యాసానికి అందరూ మొదట తాజ్‌మహల్ కట్టారు. మనవాళ్ళది అయిపోయింది, ఎంత బాగుందో! తీరా చూస్తే ముందు గోడ ఉంది, వెనక ఏమీ లేదు. సినిమా సెట్టులా ఉంది. "వెనకేదే?" అన్నాను. ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. ఏ పుస్తకంలో చూసినా, ఏ ఫోటోలో చూసినా ముందువైపే ఉందట. వెనక్కి వెళ్ళి ఫోటో తీసినవాళ్ళు వాళ్ళకి కనబడలేదట.

బొంగరం మిమ్మల్ని అడగమంది. దాని మాట దానిలాగే రాస్తున్నాను: "అమ్మమ్మా, తాజ్‌మహల్ వెనకాల ఎలా ఉంటుంది? నువ్వు పాఠం చెప్తావు కదా, నీకు తెలిసే ఉంటుంది."

ఇదీ ఆటే కదా. జవాబు రాయండి మరి.

మీ
వదిన


స్టాఫ్ రూము,
పరీక్ష పేపర్లు దిద్దుతూ

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం చదివి రెండు రోజులు చిరాగ్గా ఉన్నాను. ఎవరి మీదో మీకు చెప్పనక్కర్లేదు.

తాజ్‌మహల్ ఎవరు కట్టించారో, ఎందుకు కట్టించారో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వెనక ఎలా ఉంటుందని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క పిల్లా అడగలేదు. నేనూ నన్ను ప్రశ్నించుకోలేదు. గ్రంథాలయానికి పోయి, పైఅరలో దుమ్ము కొట్టుకుపోయిన పెద్ద పుస్తకం తీయించి చూశాను. దానికి చెప్పండి: నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది. ముందెలాగో వెనకా అలాగే. వెనకవైపు కింద నది పారుతుంది. నది కూడా కట్టమనండి. నీళ్ళు కట్టడానికి ఆ ఆటలో వీలుంటుందా?

పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్ళి, పక్క పేజీలు చదువుతూ అక్కడే కూర్చుండిపోయాను. అటెండరు వచ్చి తలుపులు వేస్తున్నామని చెబితే గానీ తెలియలేదు.

దీన్నిబట్టి నేను మీ పక్షానికి వచ్చేశానని అనుకోకండి. మార్కులు మార్కులే. ఇంతకీ ప్రదర్శనకి ఏం కడుతున్నారట?

ఇట్లు,
మీ వదిన


కుట్టు గది

వదినగారికి,

నీళ్ళు పారతాయి. నదిని చూసి పొడుగోడు చప్పట్లు కొట్టాడు. "మా అమ్మమ్మ చెప్పింది," అని బొంగరం జట్టంతటికీ రెండుసార్లు వినిపించింది. మీరు వినాల్సింది.

ప్రదర్శనకి జట్టుకొక కట్టడం చీట్లు తీసి పంచారట. మనవాళ్ళకి ఏదో గంటల గోపురం వచ్చింది. ఎక్కడిదో, ఏమిటో చెప్పమంటే చెప్పదు. "ఆ రోజు చూద్దువుగాని. నీకూ నాన్నకూ ఒకేసారి చూపిస్తాను," అంటోంది. కూలీ పని కూడా ఆపించింది. నన్ను సెలవు తీసుకోమంది. రెండు నెలలుగా ముగ్గురూ బడి కాగానే వచ్చి దానిమీదే పడి ఉంటున్నారు. పాలరాయి రంగు దిమ్మలతో గుండ్రంగా, ఒక్కో అంతస్తుకీ చుట్టూ స్తంభాలు. చదరపు దిమ్మలతో గుండ్రటిది కట్టడమంటే మాటలా? నేను బుట్టచేతులు కత్తిరించేటప్పుడు పడే అవస్థే అదీను. దూరం నుంచి చూస్తూ మురిసిపోతున్నాను.

అబ్బాయి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి చూస్తున్నాడు.  అటక మీద మాత్రం జాగా చేసి పెట్టాడు, నేను చూశాను.

మీ
వదిన


కుట్టు గది

వదినగారికి,

అందరం బాగానే ఉన్నాం. బొంగరం వాళ్ళ గోపురం కొంచెం పాడయింది. కంప్యూటర్లన్నాక అప్పుడప్పుడు అలా అవుతూ ఉంటుందట. ప్రదర్శనకి ఇంకా పదిహేను రోజులుంది కాబట్టి ఏదో ఒకటి చేస్తారు. ఇక్కడ వాతావరణం బాగుంది.

మీ
వదిన


స్టాఫ్ రూము

వదినగారికి నమస్కారం.

నా ఫోను మాటలకి అడుగడుగునా అడ్డం పడే మనిషి ఐదు వరసల్లో ఉత్తరం ముగించారు. పైగా వాతావరణం గురించి రాశారు. మా క్లాసులో హోంవర్కు చేయని పిల్లలే నాతో వాతావరణం గురించి మాట్లాడతారు.

ఏం చేశారు?

ఇట్లు,
మీ వదిన


కుట్టు గది,
తలుపు వేసుకుని

వదినగారికి,

నేనే చేశాను. ఇంట్లో ఇంకా అబ్బాయికి తెలియదు. మీకు చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

ఆ రోజు మధ్యాహ్నం చేతిలో పని అయిపోయింది. ఊరికే ఒకసారి చూద్దామని కంప్యూటరు తెరిచాను. గోపురం చివరి అంతస్తు దాకా వచ్చేసింది. చూద్దును కదా, ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది! ఏదో ఒక దిమ్మ అటూ ఇటూ అయితే సరే అనుకోవచ్చు. కింది నుంచి పైదాకా, కొన్ని వరసలకోసారి పక్కకి జరుపుకుంటూ పోయారు.

నాకప్పుడు నెల కిందటి సంగతి గుర్తొచ్చింది. బొంగరం గోడకి ఆ గోపురం ఫోటో అంటించింది. అదీ వంకరగానే అంటించింది. పిల్లచేష్టలే అనుకుని, నేనే దాన్ని ఊడదీసి, గోపురం నిటారుగా వచ్చేలా మళ్ళీ అంటించాను. అలా అంటిస్తే ఫోటోలో నేల ఏటవాలుగా వచ్చింది. కొండ మీద కట్టారు కాబోలు అనుకున్నాను. అది చూసే పిల్లలు అయోమయంలో పడి ఇలా కట్టారని తేల్చుకున్నాను. నా సంగతి మీకు తెలుసుగా, ఒక్క కుట్టు వంకరపోతే జాకెట్టంతా విప్పి మళ్ళీ కుడతాను. నాకు కూలీ పని నేర్పిన పిల్ల పదిమంది ముందు ఒరిగిన గోపురం చూపిస్తే, దాని నాన్న ఏమంటాడు? ఆ సాయంత్రమే అటక కదా.

అంతే, కూర్చున్నాను. నాలుగో అంతస్తు నుంచి పైదాకా ఒక పక్క పగలగొట్టి, రెండో పక్క అతికించి, దారం పట్టినట్టు నిటారుగా నిలబెట్టాను. కింది మూడూ కూడా సరిచేద్దామంటే బడి వదిలేశారు. ఇంత పని ఒంటిచేత్తో చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను వదినగారూ. అది గుమ్మంలో అడుగుపెట్టగానే, "రావే, చూడు," అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

అది గోపురాన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"నాయనమ్మా, ఇది ఒరిగే ఉంటుంది. నిజంగానే. దీని పేరే వాలిన గోపురం. ప్రపంచమంతా ఇది ఒరిగిందనే చూడ్డానికొస్తారు."

"ఒరిగినదాన్ని చూడ్డానికి అంతంత దూరం వస్తారా? సరిచేసే దిక్కు లేకా?" అన్నాను.

ఎప్పుడూ నా మాటకి పకపకా నవ్వేది, ఆ రోజు నవ్వలేదు. ఏడ్చినా బాగుండేది. సంకేత పదం మార్చేసింది. నాకు చెప్పలేదు. ఇప్పుడు నా వైపు వీపు పెట్టి కూర్చుంటోంది. కళ్ళజోడు పిల్లా, పొడుగోడూ నన్ను చూసి లేచి నిలబడుతున్నారు, నేనేదో తనిఖీకి వచ్చినట్టు. మాస్టారి దగ్గర నకలు ఉందిగానీ అది మరీ పాతది, అందులో కింది అంతస్తులే ఉన్నాయట. రెండు నెలల పనిని పదిహేను రోజుల్లో మళ్ళీ చేయాలి.

దాని కంప్యూటరు అటకెక్కితే, ఎక్కించింది నేనే అవుతాను. ఆ మాట తలుచుకుంటే మిషను తొక్కబుద్ధి కావడం లేదు.

మీ
వదిన


స్టాఫ్ రూము,
అందరూ వెళ్ళిపోయాక

వదినగారికి నమస్కారం.

ముందుగా క్షమించండి, నవ్వాను. ఫోటో నిటారుగా అంటించారని చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. ఎన్నడూ నేను నవ్వడం చూడని లెక్కల మాస్టారు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తర్వాత నవ్వు పోయింది. ఎందుకంటే మీరు నిజం రాశారు, నేనింకా రాయలేదు.

మార్కుల సంగతి మా అమ్మాయి చెప్పగానే అల్లుడుగారికి ఫోను చేసి, ఆ ఆట మాన్పించమన్నది నేనే. అటక సలహా కూడా నాదే. మీరు మొదటి ఉత్తరంలో నా సాయం అడిగినప్పుడు ఆ మాట దాచాను. కాబట్టి అది అటకెక్కితే మీరొక్కరే ఎక్కించినట్టు కాదు. ఒక చివర నేనూ పట్టుకున్నాను.

నిన్న మళ్ళీ ఆ పెద్ద పుస్తకం తీయించాను. మా పాఠ్యపుస్తకంలో ఆ గోపురం గురించి ఉన్నది ఒక్క వాక్యం. ఇందులో ఏకంగా ఒక అధ్యాయముంది. చదివి, లేచి, స్టాఫ్ రూములో రెండు చుట్లు తిరిగాను. ఏం తెలిసిందో మీకు రాయను. రాస్తే ఉత్తరం మడిచేలోపు దానికి చెప్పేస్తారు. దానికి నేనొక ప్రశ్న మాత్రం పంపుతున్నాను. అదే వెతుక్కోవాలి. ఈ భాగం దానికి చదివి వినిపించండి:

"అమ్మడూ, ఆ గోపురం కట్టినవాళ్ళు ఒరిగేలా కట్టాలని కట్టలేదు. సగంలో ఒరగడం మొదలైంది. అప్పుడు వాళ్ళు మిగతా అంతస్తులు ఎలా కట్టారు? జవాబు దొరికేదాకా నాయనమ్మ పేర్చిన దిమ్మ ఒక్కటీ పగలగొట్టకు."

వదినగారూ, ఇకమీదట అది వీపు పెట్టి కూర్చున్నా మీరు దాని దగ్గరే కూర్చోండి.

ఇట్లు,
మీ వదిన


కుట్టు గది,
ప్రదర్శన మర్నాడు

వదినగారికి,

మీకు పరీక్షల డ్యూటీ పడకుండా ఉండాల్సింది. నా చెయ్యి పట్టుకోవడానికి పక్కన మీరు లేక, ముందు కుర్చీ వీపు పట్టుకుని కూర్చున్నాను.

ముందు జరిగింది చెప్పనివ్వండి. మీ ప్రశ్న చదివి వినిపించాక అది లేచి వెళ్ళిపోయింది. మర్నాడు బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. నన్ను మిషను ముందు నుంచి లేపి, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, కొత్త సంకేత పదం చెవిలో చెప్పింది. నా పేరు పెట్టుకుంది దానికి. నాకు కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. "తర్వాత ఏడుద్దువుగాని, పనుంది," అంది.

ఇక నిన్నటి సంగతి. హాలు కిక్కిరిసిపోయింది. తెర మీద పిరమిడ్ వచ్చింది, ఈఫిల్ టవర్ వచ్చింది. ఈఫిల్ కట్టిన పిల్లలు, ఆటలో ఆకాశం చాలకపోవడంతో దాన్ని పొట్టి చేశామని చెప్పారు. అందరూ నవ్వారు. అబ్బాయి మాత్రం చేతులు కట్టుకుని గోడలా కూర్చున్నాడు. పని బట్టలతోనే వచ్చాడు, మోచేతికి గ్రీజు కూడా ఉంది.

తర్వాత మన గోపురం వచ్చింది. చీకట్లో తెల్లగా వెలిగిపోయింది వదినగారూ. పొడుగోడు నడిపిస్తుంటే లోపలి మెట్ల మీద చుట్టూ తిరుగుతూ పైకి వెళ్ళాం. కళ్ళజోడు పిల్ల గంటలు మోగించింది. బొంగరం కర్ర పట్టుకుని తెర పక్కన నిలబడింది. ఇంట్లో గిరగిరా తిరిగే పిల్ల అక్కడ ఎంత నిదానంగా నిలబడిందో!

"కట్టడం మొదలుపెట్టినవాళ్ళు నిటారుగానే కట్టాలనుకున్నారు," అంది. "మూడో అంతస్తుకి వచ్చేసరికి కింద మెత్తటి నేల ఒక పక్క కుంగింది. తర్వాత యుద్ధాలొచ్చి పని ఆగింది. దగ్గర దగ్గర వందేళ్ళు ఆగింది. ఆగడమే మంచిదైంది, ఆలోపు నేల గట్టిపడింది. ఆగకుండా కట్టి ఉంటే పడిపోయేదంటారు. మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు, కిందది ఎలాగూ మార్చలేం కదా అని, పై అంతస్తుల్ని ఒక పక్క ఎత్తు పెంచి, ఇంకో పక్క తగ్గించి సరిచేయబోయారు. అందుకే ఇది కర్రలా ఒరగలేదు. అరటిపండులా వంగింది. చూడండి."

తెర మీద గోపురాన్ని పక్కనుంచి తిప్పి చూపించారు. కింద ఒరిగి, పైన కొంచెం వెనక్కి వంగి. నేను పేర్చినదాంట్లో సగం ఉంచారు, సగం మార్చారు. నా దిమ్మలు నాకు తెలుస్తాయిగా, నేను గుర్తుపట్టాను.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని మాస్టారు అడిగారు. అబ్బాయి లేచాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఇదంతా మీకు ముందే తెలిసి కట్టారా?" అన్నాడు. సొంత కూతుర్ని అడుగుతున్నట్టు లేదు, లిఫ్టు ఎందుకాగిందని వాచ్‌మన్ని నిలదీసినట్టుంది.

"తెలీదు నాన్నా," అంది. హాలంతా వినబడేలా. "మేం మొదట కర్రలా ఒరగ్గొట్టి కట్టాం. అది తప్పు. మా నాయనమ్మకి ఇది ఏ గోపురమో తెలీదు, ఒరిగిందని పై అంతస్తులన్నీ సరిచేసేసింది. నాకు బోలెడు కోపమొచ్చింది. తర్వాత మా అమ్మమ్మ ఒక ప్రశ్న అడిగింది. ఆ జవాబు వెతుకుతుంటే తెలిసింది, అసలు మేస్త్రీలూ మా నాయనమ్మ చేసిందే చేశారు. అదుగో, మూడో వరసలో కూర్చుంది. నాయనమ్మా, లే!"

లేచాను.  హాలంతా చప్పట్లు. నేను కుట్టిన బట్టలు ఎంతమంది వేసుకుని ఎన్ని సభలకి పోయారో, ఏ సభలోనూ నన్ను లేచి నిలబడమన్నవాళ్ళు లేరు. గర్వంగా ఉంది వదినగారూ. దాచుకోను. చాలా గర్వంగా ఉంది.

అబ్బాయి చప్పట్లు కొట్టలేదు. పక్కనున్న ఎవరితోనో, "ఆ కర్ర పట్టుకున్నది మా అమ్మాయి," అన్నాడు. మెల్లగా కాదు.

ఇంటికొచ్చాక నేరుగా నిచ్చెన తెచ్చాడు. అటక కింద వేసి ఎక్కాడు. బొంగరం నా కొంగు పట్టుకుంది. కోడలు, "ఏమండీ," అని ఆగిపోయింది. అటక మీద నుంచి వాడు ఏదో ఈడుస్తున్న చప్పుడు. చూస్తే, వాడు చదువుకునేటప్పటి చిన్న మేజాబల్ల. దుమ్ము దులిపి, కుట్టు గదిలో కిటికీ పక్కన వేసి, కంప్యూటర్ని నా బల్ల మీద నుంచి తీసి దాని మీద పెట్టాడు.

"ఇంత పని చేసేవాళ్ళకి ఆ మూల చాలదు," అన్నాడు. అంతే అన్నాడు.

సోషల్ మార్కులు కూడా వచ్చాయి. పాసయింది. మొదటి స్థానం రాలేదు, ఆశపడకండి.

మీ
వదిన


ఇంటి నుంచి,
సాయంత్రం

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీరు లేచి నిలబడినచోట ప్రతిసారీ నేనూ లేచాను. మా ఇంట్లో చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి సిగ్గుపడలేదు.

అల్లుడుగారికి నిన్న ఫోను చేశాను. మాన్పించమన్నది తప్పని చెప్పాను. "మీరు చెప్పబట్టే కదా అత్తయ్యగారూ, వెళ్ళి చూశాను," అన్నాడు. ఆ అబ్బాయికి మా అమ్మాయినిచ్చి నేనేమీ పొరపాటు చేయలేదు. ఈ మాట మీతో ఇన్నేళ్ళుగా అనలేదు. మీరు నెత్తికెక్కుతారని అనలేదు. ఇప్పుడు ఎక్కండి.

ఈ వారం మా ఆరో తరగతికి వింతల పాఠం వచ్చింది. ఎప్పటిలాగే సుద్దముక్క తీసుకున్నాను. గోపురం పేరు రాశాక చెయ్యి ఆగిపోయింది. పుస్తకం మూసేసి, నేల కుంగడం, వందేళ్ళు ఆగడం, తర్వాతి మేస్త్రీలు సరిచేయబోవడం, అంతా చెప్పాను. రాసుకోమని కూడా అనలేదు. గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు. నా క్లాసులో గంట కొట్టకముందే సంచులు సర్దేసుకునే పిల్లలు వాళ్ళు.

చివరి బెంచీ నుంచి ఒక పిల్ల చెయ్యెత్తింది. ఇంతవరకూ ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

"టీచర్, అంత బాగా చెప్తున్నారు, మీరు దాన్ని చూసొచ్చారా?"

ఇన్నేళ్ళుగా ఈ పాఠంలో ఉన్న ఏ కట్టడాన్నీ నేను చూడలేదు వదినగారూ. చూడలేదని ఒప్పుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. నిన్న వచ్చింది. నాకు ఏమాత్రం చిన్నతనం అనిపించలేదు.

"లేదమ్మా, నేను చూడలేదు," అన్నాను. "మా మనవరాలు కట్టింది."

ఇట్లు,
మీ వదిన